బురదలో అందగాళ్ళు

అరవై దాటిన స్త్రీ, మనవలనెత్తిన స్త్రీ, రేడియో ముందు కూర్చుండి పరపురుషుల అందచందాలను గురించి ప్రసంగించడం ఏమి సభ్యత అని కొందరు శ్రోతలకు అనిపించవచ్చు. వారికి నా మనవి ఒక్కటే. మన ప్రబంధకవులు కొన్ని వందల సంవత్సరాలపాటు స్త్రీలను కొప్పు మొదలు కాలిగోటి వరకు ఏ అవయవమూ విడువక వర్ణించారు. ఆ కవులందరూ పడుచువారేమీ కారు. అయినా వారిని ఎవరూ తప్పు పట్టలేదు సరిగదా, గండపెండేరాలు తొడిగి ఏనుగులపై ఊరేగించారు. నాకు గండపెండేరమూ వద్దు, ఏనుగూ వద్దు. ఇన్నేళ్ళ బాకీలో ఒక్క పావుగంట వసూలు చేసుకొంటాను.

నేను వర్ణింపబోయేవారు రాజకుమారులు కారు, సినిమా నటులూ కారు. ఒళ్ళంతా బురద పూసుకొని సైకిళ్ళు మోసుకొంటూ పరుగెత్తే వృత్తిక్రీడాకారులు. ఆ ఆట పేరు సైక్లోక్రాస్. దానికి పుట్టినిల్లు ఫ్రాన్సు. 1902లో అక్కడ మొదటి జాతీయ పోటీ జరిగింది. మెట్టినిల్లు మాత్రం బెల్జియం దేశపు ఉత్తరభాగమైన ఫ్లాండర్స్ అనే చెప్పవలె. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలోని ఘెంట్ నగరంలో కాపురముంటున్నారు. వారి ఇంట నేను మూడు శీతకాలాలు గడిపాను. ఆ దేశంలో శీతకాలమంటే మధ్యాహ్నం నాలుగున్నరకే దీపాలు పెట్టుకోవలె. వాన కురవని రోజున కూడా గోడలు చెమ్మగిల్లి ఉంటాయి. అటువంటి ఆదివారాలలో ఆ దేశస్థులు ఇంట కూర్చోరు. పిల్లాపాపలతో, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కొని, ఏదో ఒక పొలానికి పోయి బురదలో నిలుచుంటారు. మొదట్లో ఇది నాకు పిచ్చిగా తోచింది. రెండవ వారం నేనూ బూట్లు కొనిపించుకొన్నాను.

ఆట ఎటువంటిదో ముందుగా మనవి చేస్తాను. సెప్టెంబరు చివర మొదలు ఫిబ్రవరి వరకు ఈ పందేలు సాగుతాయి. పొలాలలో, తోపులలో, ఇసుకదిబ్బలలో, కొండవాలులలో సుమారు రెండున్నర మొదలు మూడున్నర కిలోమీటర్ల పొడవున ఒక చుట్టు ఏర్పరుస్తారు. పురుషులు సుమారు గంటసేపు, స్త్రీలు సుమారు 50 నిమిషాలు ఆ చుట్టు తిరుగుతారు. దారికి అడ్డంగా 40 సెంటీమీటర్లకు మించని ఎత్తున పలకలు నిలుపుతారు. ఒకచోట మెట్లుంటాయి, మరొకచోట కాలు దిగబడే ఇసుక ఉంటుంది. తొక్కడానికి వీలుకానిచోట దిగి, సైకిలును భుజాన వేసుకొని పరుగెత్తి, మళ్ళీ దానిపైకి ఎగిరి కూర్చుండవలె. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదని నిబంధన. మన డెల్టాలో దమ్ము చేసిన మడిని తలచుకోండి. అందులో ఆ సన్నని టైర్ల సైకిలుతో గంటసేపు పందెం వేయడమన్నమాట.

ఇక అందాల సంగతి. పదమూడేళ్ళ మా మనవరాలూ నేనూ కలిసి ఒక నోటు పుస్తకం పెట్టుకొన్నాము. పందెపు ప్రకటనలలో ఆటగాళ్ళ ఫోటోలు ఉంటాయి గదా! అవి చూచి ఒక్కొక్కరికి నూటికి ఇన్ని అని అందానికి మార్కులు వేయడం మా వినోదం. ఆ పిల్లకు తెలుగు మాటలాడడం వచ్చునుగాని వ్రాయడం అంతగా రాదు. ఇందువల్ల తెలుగు అంకెలూ అక్షరాలూ వస్తాయిలెమ్మని మా అమ్మాయికి నచ్చజెప్పాము. ముక్కుతీరుకు ఇన్ని, జుట్టుకు ఇన్ని, చిరునవ్వుకు ఇన్ని అని మేము న్యాయమూర్తులవలె కూర్చుండి వేసిన మార్కులు పందెం మొదలైన పది నిమిషాలకు నిరుపయోగమైపోయేవి. ఎందువల్లనంటే, రెండవ చుట్టు వచ్చేసరికి ముక్కూ కనపడదు, జుట్టూ కనపడదు. నలభైమంది మట్టిబొమ్మలు మా ముందు నుండి పోతుంటాయి. ఎవరు ఎవరో పోల్చుకోవలెనంటే మొగము తప్ప తక్కినదంతా చూడవలసి వచ్చింది. నా వర్ణనకు ఆధారం అదే.

దేవతలను పాదాలు మొదలు శిరస్సు వరకు, మానవులను శిరస్సు మొదలు పాదాల వరకు వర్ణింపవలెనని మన సంప్రదాయం. ఈ ఆటగాళ్ళు దేవతలు కారు. అయినా నేను పాదాల నుండే మొదలుపెడతాను. మొదట కనపడేవి అవే.

పాదాలకు బూట్లుంటాయి. బురదలో జారకుండా బూటు ముందుభాగాన ఇనుప ముల్లులు బిగించుకొంటారు. కాబట్టి మృదుపాదాలూ, పద్మరేఖలూ ఇక్కడ లేవు. ఉన్నదల్లా నడక. కొందరు పలకల దగ్గరకు వచ్చి దిగేటప్పుడు కుడికాలు సీటు మీదుగా తిప్పి, ఎడమకాలు పెడల్ మీద ఉండగానే ఆ కాలికీ సైకిలుకూ నడుమ నుండి ముందుకు తెచ్చి, నేలను తాకినది తాకినట్లే పరుగు అందుకొంటారు. సైకిలు ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ నడిచాడో తెలియదు. కూచిపూడి భాగవతులలో పేరుపొందినవారి అడుగు చూచినవారికి నా మాట అర్థమవుతుంది. స్వెన్ నైస్ అనే బెల్జియం ఆటగాడు అసలు దిగడమే మానివేసి, సైకిలుతో సహా పలకల మీదుగా ఎగిరి దూకడంలో ప్రసిద్ధుడు. ఆయన 2005లోను, మళ్ళీ ఎనిమిదేళ్ళకు 2013లోను ప్రపంచ విజేత. రెండవసారి గెలిచేనాటికి ఆయనకు 36 ఏళ్ళు. ఆ పోటీ అమెరికాలోని లూయీవిల్ నగరంలో జరిగింది. ప్రపంచ పోటీ ఐరోపా దాటి బయటకు వెళ్ళడం అదే మొదలు. ఆయన ఆట విరమించిన తరువాత నేను ఫ్లాండర్స్ వెళ్ళాను. పాత చలనచిత్రాలలో మాత్రమే ఆ దూకుడు చూచాను. ఇప్పుడు ఆయన కుమారుడు టీబో నైస్ దూకుతున్నాడు. 2020లో చిన్నవారి విభాగంలో ప్రపంచ విజేతగాను, 2024లో పెద్దవారిలో ఐరోపా విజేతగాను నిలిచాడు. ఇతని ఫోటోకు మా పుస్తకంలో నూటికి తొంభై రెండు. అవి మా మనవరాలు వేసినవి. నేను ఎనభై ఐదే వేశాను.

పాదాల పైన పిక్కలు, తొడలు. ఇక్కడ నేను కొంత తడవు ఆగవలసి ఉన్నది. ఈ ఆటగాళ్ళు కాళ్ళమీద వెంట్రుకలు నున్నగా గొరిగించుకొంటారు. పడినప్పుడు గాయం శుభ్రపరచి కట్టు కట్టడానికీ, ఒళ్ళు పట్టించుకోవడానికీ అనుకూలమని కారణం చెబుతారు. అందులో కొంత సోకు కూడా ఉన్నదని నా అనుమానం. చలికి కండరాలు బిగుసుకొనకుండా ఒక విధమైన నూనె రుద్దుకొంటారు. దానిలో మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థమే కలుపుతారట. గుంటూరు మిరపకాయకు ఇటువంటి ఉపయోగం కూడా ఉన్నదని తెలిసి నేను గర్వించాను. ఆ నూనెతో మెరిసే కాళ్ళు ఇరవై జతలు ఒక్కసారిగా బయలుదేరే వరుసలో నిలబడి ఉంటే, చూడకుండా ఉండడానికి నేను ఋష్యశృంగుని వంశంలో పుట్టలేదు. ఒకనాడు మా అల్లుడు, "అత్తయ్యగారూ, అటు కాదు, పందెం ఇటు మొదలవుతుంది" అని నెమ్మదిగా అన్నాడు. నాకు తెలుసునన్నాను.

ఆ కాళ్ళు శిల్పులు చెక్కిన కాళ్ళవలె ఉండవు. మోకాలి చుట్టూ పాతగాయాల మచ్చలు, తొడమీద కుట్లు. వౌట్ వాన్ ఆర్ట్ అనే ఆరడుగుల పైచిలుకు బెల్జియం యువకుడు 2016, 2017, 2018 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 2019 జూలైలో ఫ్రాన్సుదేశ ప్రదక్షిణ పందెంలో, పో నగరాన, దారి పక్కన కట్టిన ఇనుప కంచె తగిలి ఆయన తొడ లోతుగా చీలిపోయింది. మళ్ళీ సైకిలు ఎక్కగలడా అని జనం సందేహించారు. ఆ డిసెంబరులోనే ఆయన బురదలో దిగాడు. ఫోటోలో ఆయనకు మంచి మార్కులే వచ్చాయి. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ మార్కులను ఏమి చేయాలో మాకు తోచలేదు. గాయానికి మార్కులు కలపాలా, తీసివేయాలా? మా మనవరాలు కలపాలన్నది. నేను అప్పుడు ఏమీ అనలేదు.

నడుము దాటితే భుజం. ఈ ఆటలో అవయవాలన్నిటిలోకి భుజానిదే పట్టాభిషేకం. ఔడెనార్డ్ పట్టణం వద్ద కొప్పెన్‌బర్గ్ అనే కొండ ఉన్నది. ఏటా నవంబరు 1వ తేదీన, వారి పునీతుల పండుగనాడు, అక్కడ పందెం జరుగుతుంది. గుండురాళ్ళు పరచిన ఆ దారి కొన్నిచోట్ల నూటికి ఇరవై పాళ్ళకు మించిన ఏటవాలు. ఆ పక్కనున్న పచ్చికవాలు తడిస్తే సబ్బు పూసిన బండ. అక్కడ మేము నిలుచున్న చోట, ఏడెనిమిది కిలోల సైకిలును కుడిభుజాన వేసుకొని, కుడిచేతిని చట్రం కిందుగా పోనిచ్చి హేండిల్ పట్టుకొని, ఎడమచేయి ఊపుకొంటూ ఆటగాళ్ళు ఎక్కసాగారు. ఒక్కసారిగా నాకు నా పదేళ్ళనాటి తెల్లవారుజాము జ్ఞాపకం వచ్చింది. తొలకరి పడిన మరునాడు నాగలి భుజాన వేసుకొని గట్టు వెంట పోయే మా పాలికాపు నడక అచ్చంగా ఇదే. మెడ కొంచెం పక్కకు వాల్చడం అదే, అడుగు ముందు బొటనవ్రేలితో నేలను పరీక్షించడం అదే. అతనిని అందగాడని ఎవరూ అనగా నేను వినలేదు. నేనైనా ఆనాడు అనుకొన్నదాననూ కాను. ఇన్ని వేల మైళ్ళ దూరంలో, అరవై దాటిన తరువాత, పరాయివాని భుజాన పరాయి వాహనం చూచి అనుకొన్నాను.

భుజం మీద తొడుగు ఉంటుంది. మెడనుండి తొడల వరకు ఒంటిని అంటుకొనిపోయే ఒకే వస్త్రం. ఇందులో కపటానికి తావులేదు. బొజ్జ ఉన్నవాడు దాచలేడు. ప్రపంచ విజేతకు తెల్లని తొడుగుమీద ఇంద్రధనుస్సువలె నీలం, ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ పట్టెలుంటాయి. ఏడాదిపాటు ఆ తొడుగు వేసుకొనే హక్కు అతనిదే. దానికోసం బాల్యం నుండి శ్రమించినవాడు దానిని తొడుక్కొని వస్తాడు. నమూర్ కోటకొండ మీద అయినా, మరెక్కడ అయినా, వాన కురిసిందంటే రెండు చుట్లలో ఆ ఇంద్రధనుస్సు అస్తమిస్తుంది. విజేతకూ, చిట్టచివరివానికీ ఒకే రంగు. ఇంకొక చోద్యం చెబుతాను. ఆటగాడు మధ్యలో సైకిలు మార్చుకోవచ్చును. బురద బాగా ఉన్ననాడు అతను ఒక సైకిలు తొక్కుతుంటే, అతని మనుషులు రెండవదానిని పంపు నీళ్ళ ధారతో కడిగి సిద్ధంగా ఉంచుతారు. సైకిలుకు అరచుట్టుకొకసారి అభ్యంగనస్నానం. మనిషికి మాత్రం పందెం ముగిసేదాకా లేదు.

ఇక ముఖానికి వచ్చాము. ఈ ఆట చరిత్రలో ముఖసౌందర్యానికి మొదటినుండీ పెద్దపీట లేదు. ప్రపంచ పోటీ 1950లో పారిస్ నగరంలో మొదటిసారి జరిగింది. అందులో గెలిచినవాడు జాఁ రోబిక్ అనే ఫ్రెంచివాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1947లో, ఫ్రాన్సుదేశ ప్రదక్షిణ పందెం గెలిచినవాడు కూడా ఆయనే. మనిషి ఎత్తు సుమారు 161 సెంటీమీటర్లు. ఒకసారి పుర్రె ఎముక విరిగిన కారణాన తోలుతో చేసిన టోపీ ధరించేవాడు. దానివల్ల జనం ఆయనను తోలుతల అని పిలిచేవారు. కొండ దిగేటప్పుడు బరువు చాలదని సీసం నింపిన సీసా తెప్పించుకొని సైకిలుకు తగిలించుకొన్న గడుసువాడు. ఆయన ఫోటో చూపితే మా మనవరాలు, "అమ్మమ్మా, ఈయనకు ఎన్ని?" అన్నది. చెవులు ఇంతింత, మొగము ముడతలు. నేను నలభై అన్నాను. ఆయన చరిత్రంతా చెప్పిన తరువాత మా మనవరాలు నలభైని కొట్టివేసింది. దానికి బదులుగా ఏ అంకె వేయాలో తెలియక గడిని ఖాళీగా వదిలిపెట్టింది. మా పుస్తకంలో మొదటి ఖాళీగడి రోబిక్‌దే.

ముఖాన్ని గురించి చెప్పేటప్పుడు మాథ్యూ వాన్ డెర్ పూల్‌ను విడిచిపెడితే నన్ను శ్రోతలు క్షమించినా మా అమ్మాయి క్షమించదు. నెదర్లాండ్స్ దేశస్థుడు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లియెవాన్‌లో ఏడవసారి ప్రపంచ విజేతయై, బెల్జియంకు చెందిన ఎరిక్ డి వ్లామింక్ 1973లో నెలకొల్పిన ఏడు విజయాల రికార్డును అందుకొన్నాడు. తండ్రి ఆద్రి 1996లో ఇదే ఆటలో ప్రపంచ విజేత. తల్లికి తండ్రి రేమోన్ పూలిడోర్ ఫ్రాన్సు ప్రదక్షిణలో మూడుసార్లు రెండవవాడుగా, ఐదుసార్లు మూడవవాడుగా వచ్చి, అగ్రగామి ధరించే పసుపు చొక్కా ఒక్కనాడైనా వేసుకొనలేకపోయిన మనిషి. ఆయన 2019లో మరణించాడు. 2021లో మనుమడు ఆ పసుపు చొక్కా సంపాదించి, తాతను తలచుకొని బావురుమన్నాడు. కోలముఖం, ఎత్తయిన చెక్కిళ్ళు, దువ్వెన తప్పని జుట్టు. అందగాడన్న విషయంలో మా ఇంట అభిప్రాయభేదం లేదు. ఆ ముఖంలోనే నోరు కూడా ఉన్నది. 2023 డిసెంబరులో హుల్స్ట్ అనే చోట, తనను గేలిచేస్తున్న ప్రేక్షకులవైపు ఆయన ఉమ్మివేశాడు. జరిమానా కట్టవలసి వచ్చింది. ఆనాడు మా అమ్మాయి ఆయనకు పది మార్కులు తగ్గించింది. అల్లుడు, "గేలిచేసినవారికి ఎన్ని తగ్గిస్తారు?" అన్నాడు. దారి పక్కన నిలబడి మనుషులను చూచేవారు ఎట్లా చూడవలెనన్న ప్రశ్న అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రశ్న నన్ను స్త్రీల పందెంవైపు తిప్పింది. పురుషులను వర్ణించడం నాకు బాకీ వసూలు. స్త్రీలను వర్ణించడం వేరు. ఆ పని ఇదివరకే అవసరానికి మించి జరిగింది. స్త్రీలకు ఈ ఆటలో ప్రపంచ పోటీ 2000 సంవత్సరంలో గాని మొదలు కాలేదు. పురుషుల తరువాత యాభై ఏళ్ళకన్నమాట. మొదటి విజేత జర్మనీకి చెందిన హాంకా కుప్ఫర్‌నాగెల్. నెదర్లాండ్స్ దేశపు మరియానె వోస్ 2006లో పద్దెనిమిదేళ్ళ ప్రాయాన మొదటిసారి గెలిచింది. 2009 నుండి 2014 వరకు వరుసగా ఆరుసార్లు గెలిచింది. ఇక ఈమె రోజులు అయిపోయాయని జనం అనుకొన్న తరువాత, 2022లో అమెరికాలోని ఫయెట్‌విల్‌లో ఎనిమిదవసారి గెలిచింది. ఆమె దేశానికే చెందిన ఫెమ్ వాన్ ఎంపెల్ 2023, 2024, 2025 సంవత్సరాలలో వరుసగా గెలిచింది. వీరిలో కొందరు జడలు వేసుకొంటారు. బయలుదేరేటప్పుడు నాగుబామువంటి జడ, ముగింపు గీత దగ్గర మట్టి గట్టిపడిన మోకు. భుజాన సైకిలుతో మెట్లెక్కుతుంటే ఆ మోకు వీపును టపటప కొడుతూ ఉంటుంది. ఏ జడకుప్పెలూ ఆ మోత చేయలేవు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా మనవరాలి పిక్కలు బలమైనవి. అవి నా పిక్కలే. మా అమ్మకూ అంతే. ఆ పిల్ల బడిలో ఎవరో ఏదో అన్నారట. రెండేళ్ళనుండి అది పావడా తొడగడం మానివేసింది. వేసవిలో కూడా కాళ్ళు దాచుకొనే తిరుగుతున్నది. తల్లి బుజ్జగించింది, తండ్రి హాస్యమాడాడు. నేను, "అందంగానే ఉన్నాయే తల్లీ" అన్నాను. అందంగా ఉన్నాయని అమ్మమ్మ అనక ఎవరంటారు? ఆ మాటకు విలువ లేదని పదమూడేళ్ళ పిల్లకు బాగా తెలుసు. మార్కుల పుస్తకం పెట్టినప్పుడు నాకీ సంగతి తెలియదు. తెలిసిన తరువాత, ముక్కుకు ఇన్ని, నవ్వుకు ఇన్ని అని నేను దానికి నేర్పుతున్న విద్య ఎటువంటిదో ఆలోచించి సిగ్గుపడ్డాను. బడిలో ఆ మాట అన్నవారు కూడా ఇదే విద్య ఎక్కడో నేర్చినవారే.

స్త్రీల పందేలలో మా మనవరాలు మొగాలు చూడలేదని నేను ఆలస్యంగా గ్రహించాను. ఫోటోలలోను, దారిలోను అది చూచినది కాళ్ళే. జోన్‌హోవెన్‌లో పెద్ద ఇసుకగుంట ఒకటి ఉన్నది. నిటారుగా దిగాలి, అవతల పరుగెత్తి ఎక్కాలి. చుట్టూ ప్రేక్షకులు రంగస్థలం ముందు కూర్చున్నట్లు నిలుచుంటారు. ఆ ఇసుకలో సన్నని కాళ్ళవారు కొందరు, లావు కాళ్ళవారు కొందరు పైకి వచ్చారు. మా కంచె దగ్గరికి వచ్చేసరికి అందరికీ పిక్కలు తాళ్ళు పేనినట్లు బిగిసి వణుకుతున్నాయి. మా మనవరాలు నా చేయి పట్టుకొని, "అమ్మమ్మా, ఆమె కాళ్ళు మనవే" అన్నది. ఎవరి కాళ్ళో నాకు తెలియదు. ఒంటినిండా ఇసుక, వీపు మీది అంకె కూడా కనపడలేదు. ఆమె ముందున్న వారిలో లేదు, బాగా వెనుకబడి ఉన్నది. అయినా ఆ గుంట గట్టు ఎక్కినది.

ఇక మిగిలినవి కళ్ళు. మొదటి చుట్టులో కళ్ళద్దాలుంటాయి. బురద పడగానే తీసి పారవేస్తారు. అప్పుడు ఆ మట్టిముఖంలో రెండే రెండు తెల్లని వలయాలు కనిపిస్తాయి. ఆ కళ్ళు ప్రేక్షకులను చూడవు. ఏ జాడలో చక్రం దిగదో, ఎక్కడ వేరు ఉన్నదో, ముందువాడు ఎటు తిరుగుతాడో వెదుకుతుంటాయి. 2023 ఫిబ్రవరిలో హోగర్‌హైడ్‌లో వాన్ డెర్ పూల్, వాన్ ఆర్ట్ ఇద్దరే పందెం పొడుగునా ఒకరినొకరు విడవకుండా తిరిగి, చివరి వంద గజాలలో తేల్చుకొన్నారు. గెలిచినవాడు వాన్ డెర్ పూల్. ఆ పందెం చలనచిత్రం చూడండి. తనవంక ఎన్ని వేలమంది చూస్తున్నారో ఆ ఇద్దరిలో ఎవరికీ పట్టినట్లు లేదు. అద్దం ముందు నిలుచున్న మనిషి ముఖంలో ఆ చూపు ఎన్నడూ కనపడదు. మా పుస్తకంలో కళ్ళకు గడి వేయడమే మరచిపోయాము.

ఒకసారి పందెం ముగిసిన తరువాత ఆటగాళ్ళ బండ్లు నిలిపే చోటికి పోయాము. అక్కడ అభిమానులను ఎవరూ అడ్డగించరు. ఒక బండి మెట్టుమీద ఒక కుర్రవాడు కూర్చుండి, బకెట్టులో గుడ్డ ముంచి ముఖం తుడుచుకొంటున్నాడు. గుడ్డ జరిగినకొద్దీ కొంచెం కొంచెంగా ఒక మొగం బయటపడింది. మొటిమలున్న, ఇరవై ఏళ్ళ, మామూలు మొగం. ట్రాములో ఎదుట కూర్చున్నా మీరు రెండవసారి చూడరు. అంతకు పావుగంట ముందు ఇతనిని చూచే మేము గొంతులు పోయేటట్లు అరిచాము. ఫోటో చూచి అతనికి మేము వేసిన మార్కులు ముప్పది ఎనిమిది. అతను మమ్మల్ని చూచి తల పంకించి, మళ్ళీ చెవుల వెనుక మట్టి తుడుచుకోవడంలో మునిగిపోయాడు. ఆనాడు ఇంటికి వచ్చిన తరువాత మార్కులు దిద్దుదామని పుస్తకం తెరిచాము. ఎన్ని వేయాలన్నా చేయి ఆడలేదు. ఎవరికి వేయబోయినా ఏదో ఒక మెట్టో, ఇసుకగుంటో, గాయమో జ్ఞాపకం వచ్చి అడ్డుపడుతున్నది. ముక్కూ మొగమూ మాత్రమే తెలిసినంతకాలం మార్కులు వేయడం తేలికగా సాగింది.

ఇంతమాత్రాన నేను వైరాగ్యం పొందానని శ్రోతలు భ్రమపడవద్దు. వాన్ డెర్ పూల్ చెక్కిళ్ళ విషయంలో నా అభిప్రాయం మారలేదు. నూనె పూసిన కాళ్ళు బారులు తీరి నిలుచుంటే ఇప్పటికీ చూస్తాను. అల్లుడు దగ్గినా చూస్తాను. చూడడం తప్పు కాదు, చూచినది ఇంతేనని లెక్క కట్టివేయడంలో పొరపాటున్నదని మాత్రం ఆ బురదలో నాకు తోచింది.

నేను తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం మా మనవరాలికే ఇచ్చి వచ్చాను. ఈ శీతకాలంలో ఆ పిల్ల ఊళ్ళోని పిల్లల సైకిలు సంఘంలో చేరింది. మొన్న ఫోనులో మాట్లాడుతూ, మార్కుల గడులన్నీ కొట్టివేసి, వాటి పక్కన తాను ఒక్కొక్క చుట్టు ఎన్ని నిమిషాలలో తిరిగినదీ వ్రాసుకొంటున్నానని చెప్పింది. అంకెలు తెలుగులోనే వ్రాస్తున్నదట. ఆదివారం నాటి పోటీలో కడపటినుండి మూడవదిగా వచ్చిందట. "ఎట్లా ఉన్నావే, ఫోటో పంపరాదూ?" అన్నాను.

"ఇంకా కడుక్కోలేదు అమ్మమ్మా" అన్నది.